చేతి కెమెరా: గోదావరి డెల్టా చిత్రీకరణలో దాని గుణదోషాలు

కెమెరాను స్టాండు మీదగాని, పట్టాల మీద నడిచే ట్రాలీ మీదగాని, క్రేను మీదగాని బిగించకుండా, ఆపరేటర్ తన భుజాన మోస్తూనో చేతుల్లో పట్టుకునో దృశ్యాన్ని తీసే పద్ధతిని చేతి కెమెరా చిత్రీకరణ అంటారు. తెలుగు సినిమా సెట్టు మీద దీనికి స్థిరపడిన మాట ‘హ్యాండ్‌హెల్డ్’. స్టెడీకామ్, గింబల్ వంటి సాధనాలను కూడా మనిషే మోస్తాడు కాబట్టి కొందరు వాటిని ఇందులోనే చేర్చుతారు గాని, అవి మోసేవాడి నడకను, ఊపిరిని కెమెరాకు చేరకుండా అడ్డుకోవడానికి పుట్టినవి. చేతి కెమెరాలో ఆ రెండూ బొమ్మలోకి చేరతాయి. ఈ పద్ధతి బలమూ బలహీనతా ఆ ఒక్క కారణం నుంచే వస్తాయి కనుక, రెండింటినీ విడదీసి చూడడం శాస్త్రీయం కాదు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి పాలకొల్లు పరిసరాలు, అంటే నరసాపురం వద్ద సముద్రాన్ని సమీపించే వశిష్ఠ గోదావరి పాయ, దాని కాలువలు, వరి చేలు, కొబ్బరి తోటలు కలిసిన డెల్టా భాగం, ప్రత్యేకంగా అనువైనవి. తెలుగు సినిమా అవుట్‌డోర్‌కు బయలుదేరిన తొలి రోజుల నుంచి గోదావరి దానికి ఇష్టమైన స్థలం కావడం ఒక కారణం. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ఈ ఊరివారే కావడం మరో కారణం. అన్నిటికన్నా ముఖ్యమైన కారణం నేలది: ఇక్కడి నీరు, బురద, సన్నని గట్లు కెమెరా స్టాండుకు మూడు కాళ్ల చోటు కూడా సుఖంగా ఇవ్వవు.

నాటకశాల కుర్చీ, కెమెరా స్టాండు

పాలకొల్లు నుంచి సినిమాకు వెళ్లిన ముగ్గురు ప్రముఖులకూ నాటకరంగమే తొలి బడి. నాటకాన్ని చూసే ప్రేక్షకుడు ఒకచోట కూర్చుంటాడు. పాత్రలు వస్తాయి, పోతాయి, అతని కుర్చీ మాత్రం కదలదు. తొలినాళ్ల సినిమాలో స్టాండు మీది కెమెరా ఆ కుర్చీ స్థానాన్నే తీసుకుంది. క్లోజప్పు, ట్రాలీ షాటు వచ్చి ఆ కుర్చీని ముందుకు, పక్కకు జరిపాయి. అయినా కుర్చీ కుర్చీగానే మిగిలింది, చూసేవాడికి సుఖం తగ్గలేదు. సంభాషణ మీద, నటుడి వాచికం మీద నిలిచిన సినిమాకు ఈ స్థిరత్వం ఎంతో మేలు చేసింది. రక్తకన్నీరు తెప్పించే మాట పలికే నటుడి ముఖం తెర మధ్యలో కదలకుండా ఉన్నప్పుడు హాలంతా ఆ మాట విన్నది. దాసరి చిత్రాలలో కథను నడిపేది మాట. వాటిలో కెమెరా పక్కకు తప్పుకుని మాటకు దారి ఇవ్వడం తెలివైన పనే తప్ప సాంకేతికమైన వెనుకబాటు కాదు.

చేతి కెమెరాతో ప్రేక్షకుడు ఆ కుర్చీలోంచి లేచి రంగస్థలం ఎక్కుతాడు. పాత్ర పక్కన నిలబడతాడు, అది పరుగెత్తితే తానూ పరుగెత్తుతాడు, దెబ్బ తగిలే చోట ఒక అడుగు వెనక్కి వేస్తాడు. అందుకే ఈ పద్ధతిలో అడగవలసిన మొదటి ప్రశ్న సౌందర్యానిది కాదు, ఉనికిది: ఈ దృశ్యంలో అలా నిలబడే మనిషి ఎవరు? ఆ ప్రశ్నకు దర్శకుడి దగ్గర జవాబు ఉంటే చేతి కెమెరా దృశ్యానికి ప్రాణమిస్తుంది. లేకపోతే తెర మీద కుదుపు ఒక్కటే మిగులుతుంది.

బరువు తగ్గిన కెమెరా, శబ్దం వదిలేసుకున్న సినిమా

మూకీల కాలం ముగిసి టాకీ రావడంతో కెమెరా ఒక్కసారిగా బరువెక్కింది. మోటారు చప్పుడు మైకులో పడకుండా కెమెరా చుట్టూ మందపాటి తొడుగు అమర్చవలసి రావడంతో, స్టూడియోలలో వాడిన మిచెల్ కెమెరాను ఎత్తి స్టాండు మీద పెట్టడానికే ఒకరికి మించిన మనుషులు కావలసి వచ్చేవారు. ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాలలో మార్కస్ బార్ట్‌లే సాధించిన మాయ అంతా స్థిరమైన కెమెరా మీద, కొలిచి పెట్టిన వెలుగు మీద ఆధారపడింది. ఒకే చట్రంలో ఒక భాగాన్ని మూసి మరో భాగాన్ని తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి మళ్లీ తీయవలసిన ట్రిక్ షాట్లలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు బయటపడిపోతుంది.

బరువు తగ్గించే ప్రయత్నాలు మాత్రం అప్పటికే మొదలయ్యాయి. 1924లో జర్మనీలో ఎఫ్.డబ్ల్యు. మూర్నో తీసిన ‘ది లాస్ట్ లాఫ్’ కోసం ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాను తన ఛాతీకి కట్టుకుని నడిచాడు. 1925లో అమెరికాలో వచ్చిన ‘ఐమో’ అనే చిన్న కెమెరా గడియారంలాగా తాళం తిప్పితే నడిచేది. 100 అడుగుల ఫిల్ము మాత్రమే పట్టే ఆ పెట్టె ఒక చుట్టకు నిమిషం పైచిలుకు బొమ్మను తీసేది, యుద్ధ వార్తలకు అదే ఆధారమైంది. అసలు మలుపు 1937లో జర్మనీలోని ఆరీ సంస్థ ‘ఏరిఫ్లెక్స్ 35’ను తేవడంతో వచ్చింది. ఇందులో షట్టర్‌కు, అంటే ఫిల్ముకు వెలుగును తెరచి మూసే తిరుగుడు రేకుకు, అద్దం అతికించారు. షట్టర్ మూసుకున్న క్షణంలో కటకం నుంచి వచ్చిన బొమ్మ ఆ అద్దం మీదుగా ఆపరేటర్ కంటికి చేరుతుంది. కటకం చూస్తున్నదానినే తానూ చూస్తూ నడవగలిగినప్పుడే చేతి కెమెరా అదృష్టానికి వదిలేసిన పని కాకుండా పోయింది.

భారతదేశంలో దశాబ్దాల పాటు అవుట్‌డోర్ చిత్రీకరణకు వెన్నెముకగా నిలిచిన ‘ఏరిఫ్లెక్స్ 2సి’ (1964) ఆ వంశంలోదే. దీని అడుగున ఉండే మోటారే పిడిగా పనికివచ్చేది: ఆపరేటర్ ఒక చేత్తో ఆ మోటారును పట్టుకుని, నుదురును కంటి గొట్టానికి ఆనించి, రెండు చేతులూ ముఖమూ మూడు ఆధారాలుగా కెమెరాను నిలబెట్టేవాడు. 400 అడుగుల చుట్ట వేస్తే నాలుగున్నర నిమిషాలకు కొద్దిగా తక్కువగా నడిచేది. కుట్టుమిషను మాదిరి చప్పుడు చేసే ఈ కెమెరాతో పాశ్చాత్య దేశాలలో సంభాషణల దృశ్యాలు తీయడం కష్టంగా ఉండేది. తెలుగు సినిమాలో మాత్రం మాటలను తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో చెప్పించే అలవాటు పాతుకుపోయింది కనుక ఆ చప్పుడు ఎవరినీ బాధించలేదు. తేలికైన కెమెరాను ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోయే స్వేచ్ఛను తెలుగు చిత్రాలు ఆ ఊరి గాలి శబ్దాన్ని, నీటి శబ్దాన్ని, నటుడు ఆ క్షణంలో పలికిన గొంతును వదులుకుని కొనుక్కున్నాయి. తెలుగు సినిమా చరిత్ర రాసినవారు ఈ మారకాన్ని లెక్కలోకి తీసుకోవలసినంతగా తీసుకోలేదు.

తేలిక కెమెరా ఇచ్చిన ధైర్యం ప్రపంచమంతటా 1960 నాటికి ఫలించింది. ఫ్రాన్స్‌లో రౌల్ కుటార్ ‘బ్రెత్‌లెస్’ చిత్రాన్ని పారిస్ వీధుల్లో చేతి కెమెరాతో తీశాడు. అమెరికాలో రాబర్ట్ డ్రూ బృందం ఎన్నికల ప్రచారంలో అభ్యర్థుల భుజాల వెనుకే నడుస్తూ ‘ప్రైమరీ’ అనే డాక్యుమెంటరీ తీసింది. 1966 నాటి ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’లో ఒక్క అడుగు వార్తాచిత్రం కూడా వాడలేదు, అయినా ఆ కెమెరా కదలికను చూసినవారు అది వీధుల్లో జరిగినప్పుడే తీసిన సాక్ష్యమనుకున్నారు. కుదుపు అంటే నిజం అనే సమీకరణ ప్రేక్షకుడి మనసులో స్థిరపడింది అప్పుడే. అది ఎంత ఉపయోగపడిందో, తర్వాత అంతగా దుర్వినియోగమైంది.

తెలుగు నేల మీద ఆ వాస్తవికతకు దగ్గరి చుట్టాలు రెండు చిత్రాలు: కె.కె. మహాజన్ ఛాయాగ్రహణంలో మృణాల్ సేన్ తీసిన ‘ఒక ఊరి కథ’ (1977), డాక్యుమెంటరీల నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ మెదక్ జిల్లా మంగళపర్తిలో తీసి 1980లో విడుదలైన ‘మా భూమి’. గోదావరి ప్రాంతంలో బాపు తొలి చిత్రం ‘సాక్షి’ (1967) అంతకు ముందే స్టూడియోను వదిలి పులిదిండి గ్రామానికి వెళ్లింది. సెట్టు లేకపోవడం, ఉన్న ఊరును ఉన్నట్లు వాడుకోవడం ఒకసారి అలవాటైతే, కెమెరాను చేతుల్లోకి తీసుకోవడం దాని తర్వాతి మెట్టు.

నీటి మీద చేతి కెమెరా

చేతి కెమెరా అనగానే వణుకు అనుకోవడం నేల మీది మాట. నీటి మీద సంగతి తలకిందులవుతుంది. గోదావరి మీద చిత్రీకరణ నేర్పే అసలు పాఠం ఇదే.

పడవలోగాని, నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య మనుషులను, వాహనాలను దాటించే పంటు మీదగాని స్టాండును బిగించి కెమెరా పెడితే, కెమెరా పడవలో ఒక భాగమైపోతుంది. పడవ ఎడమకు ఒరిగితే కెమెరా కూడా ఒరుగుతుంది. ఫలితంగా తెర మీద పడవ రవ్వంత కదలదు. దూరాన ఉన్న గట్టు, కొబ్బరి చెట్ల వరుస, నీరు ఆకాశం కలిసే గీత మాత్రం తక్కెడ దండెలాగా పైకి కిందికి ఊగుతాయి. ప్రేక్షకుడికి కావలసిన అనుభూతికి ఇది సరిగ్గా వ్యతిరేకం. పడవలో నిలబడిన మనిషికి గట్టు ఊగుతున్నట్లు అనిపించదు, కాళ్ల కింద చెక్క ఊగుతున్నట్లు అనిపిస్తుంది. ఎందుకంటే చెవి లోపల ఉండే తూకపు అవయవం సూచనల మేరకు మోకాళ్లు, నడుము, మెడ తమంతట తాము సర్దుకుని కళ్లను మట్టంగా నిలుపుతాయి.

అదే కెమెరాను ఆపరేటర్ భుజానికి ఎత్తుకుంటే, తనను తాను నిలబెట్టుకునే ఆ శరీరమే కెమెరాను కూడా నిలబెడుతుంది. పాదాలు కొంచెం ఎడంగా, మోకాళ్లు కొద్దిగా వంగి ఉంటే పడవ ఒరుగుడును నడుము కింది భాగం మింగేస్తుంది. గట్టు మట్టంగా ఉంటుంది, చట్రం అంచులో పడవ కొమ్ము లేచి పడుతుంది. ఆ లేచిపడే కొమ్ము ఒక్కటి చాలు, ప్రేక్షకుడు తాను నీటి మీద ఉన్నానని నమ్మడానికి. ఇంకో లాభం ఇంజను విషయంలో ఉంది. లాంచీ డీజిల్ ఇంజను పుట్టించే సన్నని అదురు స్టాండు కాళ్ల గుండా సూటిగా కటకానికి ఎక్కి బొమ్మను మసకబరుస్తుంది. మనిషి కండ, కొవ్వు, కీళ్లు ఆ అదురును దారిలోనే చంపేస్తాయి. 1975లో స్పీల్‌బర్గ్ ‘జాస్’ చిత్ర బృందం సముద్రం మీది పడవ దృశ్యాలలో అధిక భాగాన్ని చేతి కెమెరాతో తీసినది ఈ కారణం చేతనే. కోట్లు ఖర్చయ్యే చిత్రంలో, ఏ సాధనమైనా తెప్పించుకోగల బృందం కూడా చివరికి మనిషి మోకాళ్లనే నమ్ముకున్నది.

శరీరం సరిదిద్దలేనివి కూడా ఉన్నాయి. పడవ పక్కకు ఒరగడాన్ని, ముందుకు వెనక్కి తూగడాన్ని కాళ్లు సర్దుతాయిగాని, నీటి వడికి పడవ ముక్కు పక్కకు తిరిగిపోవడాన్ని ఆపలేవు. అప్పుడు ఆపరేటర్ పాదాల మీద తానే తిరుగుతూ చట్రాన్ని కాపాడుకోవాలి. సముద్రపు పోటు ఎక్కే వేళ పాయలో నీరు ఎదురు తిరుగుతుంది కాబట్టి, ఉదయం తీసిన షాటులోని పడవ నడక సాయంత్రం షాటుతో కలవదు. ఒక కన్ను కంటి గొట్టానికి అంటించి రెండో కన్ను మూసుకున్న ఆపరేటర్‌కు పడవ అంచు ఎక్కడుందో తెలియదు కనుక, వెనుక ఒక సహాయకుడు అతని నడుము పట్టీ వదలకుండా నిలబడడం సౌకర్యం కోసం కాదు, ప్రాణం కోసం. ‘మూగమనసులు’ (1964), ‘అందాల రాముడు’ (1973), ‘గోదావరి’ (2006) వంటి చిత్రాలలో పడవ ఒక పాత్రగా నిలిచింది. వాటిని మళ్లీ చూసేటప్పుడు నటులను కాసేపు వదిలి వెనుక గట్టు మట్టంగా ఉందా, ఊగుతుందా అని గమనిస్తే, ఏ షాటులో కెమెరా పడవకు కట్టుబడి ఉంది, ఏ షాటులో పడవ నుంచి విడివడి ఉంది అన్నది చాలావరకు కనిపిస్తుంది.

గట్లు, తోటలు, సందులు

నీటి పక్కన నేల మీద కూడా డెల్టా స్టాండుకు, ట్రాలీకి అనుకూలించదు. ట్రాలీ పట్టాలు వేయాలంటే నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ఒక పక్క కుంగితే చెక్కముక్కలు దోపి మట్టం చేయాలి. వరి చేను గట్టు వెడల్పు చాలా చోట్ల ఒక మనిషి నడవడానికే సరిపోతుంది, పైగా ఊడ్పుల కాలంలో అడుగు వేస్తే జారుతుంది. గట్టు మీద ఎదురుగా నడిచి వచ్చే పాత్రను ముందు నుంచి తీయాలంటే ఆపరేటర్ వెనక్కి నడవడం తప్ప దారి లేదు. అతను చెప్పులు విడిచి, మడమను కాక ముందు పాదాన్ని మొదట ఆనిస్తూ, వేళ్లతో మట్టిని పట్టుకుంటూ వెనక్కి అడుగులు వేస్తాడు. సహాయకుడు వెనుక నుంచి నడుము పట్టీ పట్టుకుని ‘కుడి, కొంచెం కుడి, బోదె ఉంది, ఆగు’ అని చెవిలో చెబుతుంటాడు. ఫోకస్ పుల్లర్, అంటే నటుడికీ కెమెరాకూ మధ్య దూరం మారుతున్నకొద్దీ కటకాన్ని తిప్పి బొమ్మను స్పష్టంగా ఉంచే మనిషి, గట్టు మీద చోటు చాలక పక్కన మోకాలి లోతు చేనులో నడుస్తాడు. తెర మీద కనిపించేది ఒక మనిషి నడక. దాని వెనుక ముగ్గురి నడక ఒక్క లయలో సాగాలి.

ఇందులో వచ్చే ఊపును దోషంగా చూడడం తొందరపాటు. గట్టు మీద నడిచే మనిషి చూపు కూడా అలాగే ఊగుతుంది, గట్టు మీద పెరిగినవాడికి ఆ ఊపు తెలుసు. పంచారామాలలో ఒకటైన పాలకొల్లు క్షీరారామం గోపురాన్ని సందులోంచి పైకి చూస్తూ నడిచే షాటులోనూ అంతే: క్రేను మీద తీస్తే గోపురం ఒక పోస్టుకార్డు అవుతుంది, భుజం మీద తీస్తే దాని కింద నిలబడి మెడ వెనక్కి వంచిన మనిషి చూపు అవుతుంది. సంత, తీర్థం, జాతర వంటి జనసమ్మర్దంలో చేతి కెమెరాకు ఉన్న లాభం వేరు. స్టాండు దిగగానే జనం గుంపు కట్టి కటకం వైపు చూడడం మొదలుపెడతారు. చిన్న కెమెరా భుజాన వేసుకున్న ఒక్క మనిషి వాళ్ల మధ్య నుంచి సాగిపోతే రెండు మూడు షాట్లు సహజంగా దొరుకుతాయి.

నటుడికి దక్కే స్వేచ్ఛ ఇంకా విలువైనది. స్టాండు మీద కెమెరా ఉన్నప్పుడు నటుడు నేల మీద సుద్దతో గీసిన మార్కు దగ్గర ఆగాలి, ఆగకపోతే ఫోకస్ తప్పుతుంది, లైటు దాటిపోతుంది. ఏడుస్తూ కూలబడవలసిన మనిషి ఎక్కడ కూలబడాలో ముందే తెలిసి ఉండడం నటనకు మంచిది కాదు. చేతి కెమెరాలో నటుడు ముందు కదులుతాడు, కెమెరా వెంటపడుతుంది. కొత్త నటులతో పని చేసేటప్పుడు ఈ క్రమం ఎంతో ఆదుకుంటుంది. కంచరపాలెం వాసులనే పాత్రలుగా తీసుకున్న వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) వంటి చిత్రాల తరం ఈ స్వేచ్ఛ విలువ తెలిసిన తరం. ఆపరేటర్ కూడా ఒక రకంగా నటుడే అవుతాడు: ఎదుటి మనిషి మాట తడబడినప్పుడు తాను ఊపిరి బిగపట్టడం, అతను తల తిప్పకముందే తాను తిప్పడం వంటివి ముందుగా రాసిపెట్టుకోగలిగినవి కావు.

కుదుపు లెక్క

దోషాలలో మొదటిది ఆవేదన కంటే అంకెలలో బాగా తెలుస్తుంది. 35 మి.మీ. ఫిల్ము మీద 25 మి.మీ. కటకం అడ్డంగా సుమారు 50 డిగ్రీల మేర చూస్తుంది, 100 మి.మీ. కటకం సుమారు 13 డిగ్రీలు మాత్రమే చూస్తుంది. ఆపరేటర్ చెయ్యి ఒకే ఒక్క డిగ్రీ పక్కకు తిరిగిందనుకుంటే, మొదటి కటకంతో బొమ్మ తెర వెడల్పులో యాభయ్యోవంతు జరుగుతుంది, రెండోదానితో పదమూడో వంతు జరుగుతుంది. 40 అడుగుల తెర మీద ఇది మొదటి సందర్భంలో దాదాపు 10 అంగుళాలు, రెండో సందర్భంలో 3 అడుగులు. అందుకే చేతి కెమెరాకు వెడల్పుగా చూసే కటకాలనే ఎంచుకోవాలి, మనిషికి దగ్గరగా వెళ్లాలి; దూరం నుంచి పెద్ద కటకంతో చేతి కెమెరా తీయడం అంటే వణుకును భూతద్దంలో చూపించడమే.

ఈ లెక్కలో ప్రేక్షకుడు కూర్చున్న చోటు కూడా చేరుతుంది. బాల్కనీ చివర కూర్చున్నవాడికి తెర కంటి చూపులో ఒక భాగం. తెరకు దగ్గర ముందు బెంచీలో కూర్చున్నవాడికి చూపంతా తెరే. తెర ఊగితే అతనికి లోకం ఊగుతుంది, చెవిలోని తూకపు అవయవం మాత్రం శరీరం కదలడం లేదని చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలు పొసగనప్పుడు కడుపులో తిప్పుతుంది. 1999లో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఆడిన హాళ్లలో కొందరు ప్రేక్షకులకు వాంతులయ్యాయి. 2008లో ‘క్లోవర్‌ఫీల్డ్’కు కొన్ని అమెరికన్ హాళ్లు ముందే హెచ్చరిక బోర్డులు పెట్టాయి. అతి తక్కువ డబ్బు పెట్టి టికెట్టు కొని ముందు వరుసలో కూర్చునేవాడే ఈ దోషానికి ఎక్కువగా బలవుతాడు. ఆపరేటర్ మానిటర్‌లో, అంటే అరచేయంత తెరలో, ఆ కుదుపు ఆకర్షణీయంగా కనబడుతుంది. కొలవవలసింది మానిటర్ మీద కాదు, ముందు బెంచీ మీద.

వెలుగు సమస్య వేరు. కెమెరా ఏ వైపు తిరుగుతుందో ముందే తెలియదు కాబట్టి లైట్లు, రిఫ్లెక్టర్లు, థర్మాకోల్ షీట్లు దాచడానికి చోటు మిగలదు. మధ్యాహ్నపు ఎండలో కొబ్బరి తోటలో ఈ కష్టం రెట్టింపవుతుంది: ఆకుల సందుల నుంచి పడే ఎండ చుక్కలు నటుడి ముఖం మీద నలుపు తెలుపు మచ్చలుగా పరచుకుంటాయి, పైన తెల్ల గుడ్డ కట్టి వాటిని మెత్తబరచాలంటే ఆ గుడ్డ చట్రంలోకి వస్తుంది. చేతి కెమెరా చవక అనే మాట ఇలాంటి చోట నిలవదు. పట్టాలు వేసే గంట మిగులుతుందిగాని, ఫోకస్ తప్పిన టేకులు, మైకు కనిపించిన టేకులు, ఎడిటింగ్‌లో ఒకదానితో ఒకటి అతకని కదలికలు ఆ గంటను తిరిగి తినేస్తాయి. కెమెరా ఎడమకు ఊగుతూ ముగిసిన షాటు పక్కన కదలకుండా నిలిచిన షాటు పెడితే కంటికి తట్టు తగిలినట్లుంటుంది.

ట్రిక్ పని ఉన్న చిత్రాలకు మరో చిక్కు. పాలకొల్లు బిడ్డ కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ (1995) నుంచి ‘అరుంధతి’ (2009) దాకా తెలుగులో గ్రాఫిక్స్‌తో కథ చెప్పడానికి దారి వేసిన దర్శకుడు. వేర్వేరుగా తీసిన బొమ్మలను ఒకే చట్రంలో కలపాలంటే కెమెరా కదలకపోవడం, కదిలితే ఆ కదలికను తుచ తప్పకుండా తిరిగి పుట్టించగలగడం అవసరం. చేతి కుదుపును ఎవరూ రెండోసారి అదేవిధంగా పుట్టించలేరు. ఇప్పటి కంప్యూటర్లు చట్రంలోని చుక్కలను పట్టుకుని కెమెరా నడచిన దారిని తిరిగి లెక్కగట్టగలవుగాని, నీరు, ఊగే కొబ్బరాకులు, పొగ వంటి నిలకడలేని వాటి మధ్య ఆ చుక్కలు దొరకడం కష్టం. గోదావరి జిల్లాల దృశ్యాలలో ఎక్కువ భాగం ఈ మూడే.

ఆపరేటర్ శరీరం చెల్లించే ధర గురించి మాట్లాడేవారు తక్కువ. డిజిటల్ కెమెరాకు కటకం, బ్యాటరీ, మానిటర్, వైర్‌లెస్ ఫోకస్ పరికరం అన్నీ తగిలిస్తే బరువు మళ్లీ ఫిల్ము రోజుల దగ్గరికే చేరుతుంది. సముద్రపు గాలి ఆడని మే నెల మధ్యాహ్నం ఉక్కపోతలో అంత బరువును ఒకే భుజాన పెట్టుకుని రోజుకు ఎనిమిది పది గంటలు పనిచేసేవారికి మెడ, నడుము వెన్నుపూసల జబ్బులు వృత్తిలో భాగమవుతున్నాయి. బరువును తుంటికి మళ్లించే ఈజీరిగ్ వంటి పట్టీలు రావడం వల్ల కొంత మేలు జరిగిందిగాని, వాటిని సమకూర్చడం ఆపరేటర్ సొంత వ్యవహారంగా కాక నిర్మాణ సంస్థ బాధ్యతగా పరిగణించడం న్యాయం.

కుదుపు లేని నడక

మనిషి నడకను ఉంచుకుని కుదుపును తీసేయాలనే కోరికకు గ్యారెట్ బ్రౌన్ కనిపెట్టిన స్టెడీకామ్ జవాబిచ్చింది. స్ప్రింగుల చెయ్యి, కింద తూకపు బరువు ఉన్న ఈ సాధనం 1976లో ‘బౌండ్ ఫర్ గ్లోరీ’తో తెరకెక్కింది. తెలుగు ప్రేక్షకుడి దృష్టికి దీన్ని తెచ్చిన చిత్రం ఎస్. గోపాలరెడ్డి ఛాయాగ్రహణంలో రాంగోపాల్ వర్మ తీసిన ‘శివ’ (1989). అందులో కెమెరా పాత్రల వెంట కారిడార్లలో, వీధుల్లో తేలిపోతూ వెళ్లినప్పుడు కలిగిన భయం చేతి కెమెరా కలిగించే భయం కాదు. చేతి కెమెరాలో వెంటపడేది ఒక మనిషి. స్టెడీకామ్‌లో వెంటపడేదానికి పాదాలు లేవు. ఒకదాని బదులు మరొకటి వాడవచ్చనుకోవడం ఈ తేడాను మరచిపోవడమే.

డెన్మార్క్‌లో లార్స్ వాన్ ట్రియర్, తామస్ వింటర్‌బర్గ్ 1995లో ప్రకటించిన ‘డాగ్మే’ నియమావళి దీనికి అవతలి కొస: అందులో కెమెరా చేతిలోనే ఉండాలన్నది ఒక ప్రతిజ్ఞ. చిన్న వీడియో కెమెరాతో తీసిన వింటర్‌బర్గ్ చిత్రం ‘ఫెస్టెన్’ (1998) ఆ ప్రతిజ్ఞకు మంచి ఉదాహరణ. తెలుగులో ఆ స్ఫూర్తికి ఖర్చు వైపు నుంచి దగ్గరైన ప్రయోగం రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ (2011). ఫొటోల కోసం పుట్టిన కేనన్ 5డి కెమెరాలతో, కొద్దిమంది సాంకేతికులతో 5 రోజుల్లో దాన్ని తీశారు. ఒక సినిమాను అంత త్వరగా తీయవచ్చని అది చూపింది. ఆ త్వర తెర మీద ప్రయోజనంగా మారిందా అంటే, మారలేదనే చెప్పాలి. ‘అర్జున్ రెడ్డి’ (2017)లో రాజు తోట కెమెరా నాయకుడి కోపానికి, మత్తుకు దగ్గరగా కదిలినప్పుడు కనిపించేది వేరే సంగతి: అక్కడ కుదుపుకు ఒక మనిషి చిరునామా ఉంది.

కెమెరా మరీ తేలికైనా చిక్కే. బరువుకు జడత్వం ఉంటుంది. భుజాన ఏడు కిలోలు ఉన్నప్పుడు చేతి సన్నని వణుకు దాన్ని కదల్చలేదు. అరకిలో కెమెరాను చేతులు చాచి పట్టుకుంటే గుండె కొట్టుకోవడం కూడా బొమ్మలో తెలుస్తుంది. దానికి తోడు చవక డిజిటల్ కెమెరాల సెన్సర్ చట్రాన్ని ఒక్కసారిగా కాక పై వరుస నుంచి కింది వరుస దాకా వరుసగా చదువుతుంది కాబట్టి, చదివే ఆ లిప్తలో కెమెరా పక్కకు తిరిగితే నిలువు గీతలు వాలిపోతాయి. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన వైపు వెళ్లే దారిలో కదిలే వాహనం నుంచి ఫోనుతో తీసిన ఏ వీడియో చూసినా ఇది తెలుస్తుంది: నిటారుగా ఉన్న కొబ్బరి మానులన్నీ ఒకే వైపు ఒరిగి, వాహనం కుదిపినప్పుడల్లా జెల్లీలాగా వంకర్లు పోతాయి. ఫిల్ము కెమెరా కుదుపులో చెట్టు కదిలేదిగాని చెట్టుగానే ఉండేది.

డెల్టా ఊళ్ల జనానికి చేతి కెమెరాను ఇంటి మనిషిని చేసింది సినిమా కాదు, పెళ్లి వీడియో. 1980లు, 90లలో వీహెచ్ఎస్ క్యాసెట్టు పట్టే పెద్ద కెమెరాను భుజాన వేసుకుని, పక్కనే ఒక కుర్రాడు కళ్లు జిగేలుమనే లైటు పట్టుకుని వెంట రాగా, మంటపంలో పురోహితుడి భుజం మీదుగా తలంబ్రాల పళ్లెం దాకా వంగి తీసిన వీడియోగ్రాఫర్లు ఈ పనిలో పేరు లేని ఉస్తాదులు. సుముహూర్తం రెండో టేకు ఇవ్వదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి వధువు తల వంచుతుందో, బంధువు చెయ్యి అడ్డం వస్తుందో చెప్పేవాడు ఉండడు. స్టాండు వేసే చోటు లేని ఆ గుంపులో, మోచెయ్యిని పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలి పట్టి, రెండు కళ్లూ తెరిచి ఒక కంటితో చట్రాన్ని, రెండో కంటితో మంటపాన్ని చూస్తూ వారు నేర్చుకున్న పద్ధతి ఏ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ పాఠానికీ తీసిపోదు. వారిలో చాలామంది ఇప్పుడు గింబల్ వాడుతున్నారు. మూడు మోటార్లు కుదుపును తుడిచేసిన ఆ కొత్త వీడియోలలో పెళ్లికూతురు నడక నీటి మీద తేలినట్లుంటుంది. తాళి కట్టే ఘడియ వచ్చేసరికి మాత్రం మోటార్లు సర్దుకునే వ్యవధి లేక, గింబల్‌ను పక్కన పెట్టి కెమెరాను నేరుగా చేతుల్లోకి తీసుకునేవారు ఇంకా ఉన్నారు.